డైనమిక్ లోడ్ బ్యాలన్సింగ్: మా ల్యాబుకొచ్చే పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మా కాలేజీ ల్యాబులో పదహారు పాత డెస్క్‌టాపులున్నాయి. వాటన్నిటినీ ఒక గిగాబిట్ స్విచ్చికి తగిలించి క్లస్టర్ (ఒకే పనిని కలిసి చేసే మిషన్ల గుంపు) అని గొప్పగా చెప్పుకుంటున్నాం. సంగం దగ్గర్నుంచి సముద్రం దాకా పెన్నా వరద నీరు ఎప్పుడు ఎంత మేర పాకుతుందో లెక్కగట్టే ప్రోగ్రామొకటి దానిమీద నడుస్తుంటుంది. ఫైనలియర్ పిల్లలు, ఎంటెక్ వాళ్లు, ఒంగోలు నుంచి ఫోను చేసే పాత విద్యార్థులు, ఒకే లెక్కను ఇన్ని మిషన్ల మధ్య ఎలా పంచాలనే ఈ పని పంపకం గురించి అడిగిందే అడుగుతుంటారు. బోర్డు మీద గీసి గీసి విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నా. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గర ఆగండి. కొలత గురించిన ప్రశ్న మాత్రం దాటెయ్యకండి.

లోడ్ బ్యాలన్సింగ్ అంటే అందరికీ సమానంగా పని పంచడమేనా?

పేరు వింటే అలాగే అనిపిస్తుంది. మనక్కావలసింది మాత్రం పని మొత్తం తొందరగా ముగియడం. పదహారు మిషన్లలో పదిహేను ముందే ముగించి కూర్చున్నా, పదహారోది ముగించేదాకా ఫలితం చేతికి రాదు. అందరికన్నా వెనకబడినవాడి గడియారమే మన గడియారం.

కోవూరు దగ్గర మా మేనమామ పొలంలో ఒకసారి నాట్లకు కొత్త మేస్త్రి వచ్చాడు. మనిషికో కయ్య చొప్పున అప్పగించాడు. కయ్యలన్నీ పేరుకి ఒకే సైజు. ఒకదాంట్లో దమ్ము సరిగా పడలేదు, ఇంకోదాంట్లో మోకాలి లోతు బురద. పదకొండింటికల్లా నలుగురు ఆడవాళ్లు గెనిమ మీద కూర్చుని వక్కాకు నములుతున్నారు, బురద కయ్యలో ఉన్నావిడ ఇంకా సగం కూడా దాటలేదు. మా మామ దూరం నుంచే కేకేశాడు: "ఏందయ్యా మేస్త్రీ, కయ్యలు పంచావా, పని పంచావా?" పాత మేస్త్రి అయితే అందర్నీ ఒకే కయ్యలో వరసగా దించేవాడు. ఎవరి చేతిలో నారు అయిపోతే వాళ్లు పక్కనున్న కట్ట అందుకునేవాళ్లు. మనిషికో కయ్య పంచడం స్టాటిక్ పద్ధతి. చేతిలోది అయిపోయాక ఇంకో కట్ట అందుకోవడం డైనమిక్. ఇకముందు మీరు చదివే అల్గారిథంలన్నీ ఆ కట్ట ఎంత లావుండాలి, ఎక్కడ పెట్టాలి, ఎవరు అందించాలి అనే గొడవలే.

మరి స్టాటిక్ పంపకం ఎందుకూ పనికిరాదా?

ఎందుకు పనికిరాదు? చాలాసార్లు అదే మేలు. రెండు పెద్ద మ్యాట్రిక్సులు గుణిస్తున్నారనుకోండి. ఏ ముక్కకు ఎంత సమయం పడుతుందో ముందే తెలుసు, మిషన్లు ఒకే రకం, వాటిని ఇంకెవరూ వాడటంలేదు. ముందే కోసి పంచేసి ఊరుకోండి. నడుస్తుండగా పంచాలంటే ఎవరి దగ్గర ఎంత ఉందో కనుక్కోవాలి, పని కదిలించాలి, దానితోపాటు దాని డేటానూ మొయ్యాలి. ముందే తెలిసిన పనికి ఈ ఖర్చంతా దండగ.

చేస్తేగానీ ఎంత పనో తెలియనప్పుడు, చేస్తున్నకొద్దీ పెరిగేటప్పుడు, మిషన్ల వేగం నమ్మలేనప్పుడు డైనమిక్ జోలికి వెళ్లండి. చదరంగంలో ఎత్తుల చెట్టు వెతకడం అలాంటిదే. ఒక కొమ్మ రెండు ఎత్తుల్లో తెగిపోతుంది, పక్క కొమ్మ లక్షల స్థానాలు విప్పుతుంది. ఏది ఏదో పైనుంచి చూస్తే తెలియదు.

మా మిషన్లన్నీ ఒకే కంపెనీ, ఒకే మోడల్. తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

మేమూ అలాగే అనుకున్నాం. మొదటి ఏడాది వరద ప్రోగ్రామును పదహారు సమాన పట్టీలుగా కోసి పంచాం. పరీక్షకని అన్ని పట్టీల్లోనూ ఒకే రకం కృత్రిమ డేటా పెట్టినప్పుడు కూడా పదిహేను మిషన్లు పది నిమిషాల్లో ముగిస్తే, 11వ నంబరుది పాతిక నిమిషాలు తీసుకుంది. కోడులో బగ్గు ఉందని మూడు వారాలు వెతికాం. చివరికి ఒకరోజు కరెంటు పోయి, గది నిశ్శబ్దంగా ఉండి, మళ్లీ వచ్చినప్పుడు అన్ని ఫ్యాన్ల చప్పుడూ వినిపించింది, ఆ ఒక్కదానిది తప్ప. మూత తీస్తే ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పట్టేసింది. ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటోంది. కాగితం మీద ఒకే మోడల్, గదిలో మాత్రం కాదు.

లెక్క చూడండి. పదిహేను మిషన్లు ఒక్కోటి 15 నిమిషాలు ఊరికే కూర్చున్నాయి, మొత్తం 225 మిషన్ నిమిషాలు. చేసిన అసలు పని 175 నిమిషాలు. చేసిన పనికన్నా కూర్చున్నదే ఎక్కువ.

రెండో రకం తేడా మిషన్లది కాదు, పనిది. మా ప్రోగ్రాము మ్యాపును చిన్న చిన్న గడుల గ్రిడ్డుగా చూస్తుంది. పొడి గడి ఉంటే లెక్క దాదాపు ఏమీ ఉండదు, తడి గడికే సమీకరణాలన్నీ. వరద మొదలైనప్పుడు నీళ్లు సంగం వైపే ఉంటాయి కాబట్టి పడమటి పట్టీలు పట్టుకున్న మిషన్లు చచ్చేలా పనిచేస్తాయి, తూర్పువి నిద్రపోతాయి. కొన్ని గంటల వరద గడిచేసరికి తారుమారు. వరద ఎటు పోతే పని అటు పోతుంది. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర హైవే, రైలు కట్ట రెండూ దెబ్బతిన్నాయి గుర్తుందా? అలాంటి చోట కట్ట తెగితే ఒక్క నిమిషంలో పొడి గడులన్నీ తడి గడులవుతాయి. ముందే ఎలా కోసినా అది తప్పు కోతే అవుతుంది.

అసమతుల్యం ఎంతుందో ఎలా కొలవాలి?

అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్న మిషన్ సమయాన్ని, సగటు సమయంతో భాగించండి. పైన చెప్పిన ఉదాహరణలో సగటు 175 భాగించు 16, అంటే 10.94 నిమిషాలు. గరిష్ఠం 25. నిష్పత్తి 2.29. ఇది 1 అయితే పంపకం ఖచ్చితంగా కుదిరినట్టు. 1.1 లోపు ఉంటే నేనైతే వేలు పెట్టను.

కొలిచేటప్పుడు పిల్లలు పడే గుంట ఒకటుంది. "సార్, టాప్ కమాండులో అన్ని మిషన్లూ నూటికి నూరు శాతం పనిచేస్తున్నాయి, అసమతుల్యం ఎక్కడుంది?" అంటారు. ఎంపీఐ (మిషన్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే పద్ధతి) లైబ్రరీలు చాలావరకు సందేశం కోసం ఎదురుచూసేటప్పుడు నిద్రపోవు. వచ్చిందా, వచ్చిందా అని గిరగిరా తిరుగుతూ చూస్తుంటాయి. ప్రాసెసర్ దృష్టిలో అదీ పనే. గెనిమ మీద కూర్చున్నవాళ్లు కూడా టాప్‌లో నాట్లేస్తున్నట్టే కనిపిస్తారు. అందుకని బ్యారియరుకు (అందరూ వచ్చేదాకా ఆగే చోటుకు) ముందు, తర్వాత గడియారం చూసి, ఎదురుచూసిన సమయాన్ని విడిగా రాసుకోవాలి. మీ కోడులో లెక్కచేసే భాగం చుట్టూ, టైము చెప్పే ఎంపీఐ_డబ్ల్యూటైమ్ రెండుసార్లు పిలిస్తే చాలు. పెద్ద ప్రొఫైలర్ అక్కర్లేదు.

మొదట ఏ పద్ధతితో మొదలుపెట్టమంటారు?

మాస్టర్-వర్కర్. ఒక మిషన్ దగ్గర పనుల జాబితా ఉంటుంది. ఖాళీ అయినవాడు వచ్చి అడుగుతాడు, మాస్టర్ ఒక ముక్క ఇస్తాడు. సాయంత్రానికల్లా రాసెయ్యొచ్చు. ముక్కలు ఒకదానికొకటి సంబంధం లేనివైతే, మిషన్లు పదుల్లోనే ఉంటే, ఇంతకన్నా మంచిది వెతుక్కోవడం టైము వృథా.

ఇందులో తలనొప్పి ముక్క సైజు. మరీ చిన్నదైతే అందరూ మాస్టర్ చుట్టూ మూగుతారు, వాడికి అందించడానికే సరిపోతుంది. మరీ పెద్దదైతే చివర్లో ఒకడి చేతిలో లావు ముక్క మిగిలిపోయి మిగతావాళ్లు వాడి మొహం చూస్తూ కూర్చుంటారు. 1987లో పోలిక్రోనోపౌలోస్, కుక్ అనే ఇద్దరు దీనికి చక్కటి ఉపాయం చెప్పారు: మిగిలిన పనిని మనుషుల సంఖ్యతో భాగించి అంత ఇవ్వు. 100 పనులు, నలుగురు అనుకుంటే మొదటివాడికి 25, తర్వాత 19, 14, 11, 8, 6, 5, అలా తగ్గుతూ చివరికి ఒక్కొక్కటి. ముందు పెద్ద ముక్కలు కాబట్టి అడగడాలు తక్కువ, చివర చిన్నవి కాబట్టి అందరూ దాదాపు ఒకేసారి ముగిస్తారు. ఒకే మిషన్‌లోని కోర్లకు పని పంచే ఓపెన్‌ఎంపీలో షెడ్యూల్ దగ్గర గైడెడ్ అని రాస్తే మీరు వాడుతున్నది ఈ ఆలోచననే. మొదటి ముక్కలోనే బరువైన పనులన్నీ పడితే ఇది కూడా దెబ్బతింటుంది. అలాంటి అనుమానముంటే డైనమిక్ అని రాసి సైజు మీరే చెప్పండి.

పెద్ద పనులు ముందు ఇవ్వాలా, చిన్నవి ముందా?

ఏ పని ఎంతో సుమారుగానైనా తెలిస్తే పెద్దవే ముందు. రొనాల్డ్ గ్రాహం 1966లోనే దీని లెక్క తేల్చాడు. నాలుగు మిషన్లు, ఒక్కో గంట పనులు పన్నెండు, నాలుగు గంటల పని ఒకటి ఉన్నాయనుకోండి. చిన్నవి ముందు ఇస్తే మూడు గంటల్లో అవి అయిపోతాయి, అప్పుడు పెద్దది మొదలై ఏడో గంటకు ముగుస్తుంది. పెద్దది ముందే ఒకడికి ఇచ్చేస్తే అంతా నాలుగు గంటల్లో సరి. ఖాళీగా ఉన్నవాడికల్లా చేతికందిన పని ఇస్తూ పోతే ఎంత దురదృష్టంలోనైనా ఉత్తమ సమయానికి రెండింతల లోపే ముగుస్తుందని గ్రాహం నిరూపించాడు. మిషన్లు నాలుగైతే ఆ హద్దు 7/4, మన ఉదాహరణ సరిగ్గా దాన్నే తాకింది. పెద్దవి ముందు ఇచ్చే పద్ధతికి హద్దు 4/3 లోపే అని 1969లో చూపించాడు.

అయినా అది సర్వరోగ నివారిణి కాదు. ఇద్దరికి 3, 3, 2, 2, 2 గంటల పనులు పంచి చూడండి. పెద్దవి ముందు అంటే ఒకడికి 7 గంటలు పడుతుంది. రెండు మూడ్లు ఒకడికి, మూడు రెండ్లు ఇంకొకడికి ఇస్తే ఆరింటితో పోతుంది.

ఇక విడగొట్టలేని పని ఉంటే ఏ అల్గారిథమూ కాపాడదు. చీమకుర్తి క్వారీలో గ్యాలక్సీ గ్రానైటు దిమ్మె ఒకటి లారీకి సరిపడా ఉందంటే, ఖాళీ లారీలు ఇంకో యాభై నిలబెట్టినా దానికి పట్టేది ఒక్క లారీయే. మీ ప్రోగ్రాములో అలాంటి దిమ్మె ఉంటే ముందు దాన్ని కొయ్యడానికి దారి చూడండి, పంపకం సంగతి తర్వాత.

వర్క్ స్టీలింగ్ అంటారు. ఎవరు ఎవరి దగ్గర దొంగిలిస్తారు?

పని లేనివాడు పని ఉన్నవాడి దగ్గర. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇదే, అందుకని కాస్త ఎక్కువ రాస్తాను.

మాస్టర్ ఎవరూ ఉండరు. ప్రతివాడి దగ్గరా రెండు వైపులా తెరుచుకునే ఒక వరస ఉంటుంది. కొత్తగా పుట్టిన పనిని వాడు ఒక కొసన పెడతాడు, మళ్లీ ఆ కొస నుంచే తీసుకుంటాడు. వరస ఖాళీ అయిపోతే ఎవరో ఒకర్ని గుడ్డిగా ఎంచుకుని, వాళ్ల వరసకు రెండో కొస నుంచి ఒక పని లాక్కుంటాడు. అక్కడా ఏమీ లేకపోతే ఇంకొకర్ని చూస్తాడు.

రెండు కొసలు ఎందుకు? అందం అక్కడే ఉంది. సొంతదారు ఇప్పుడే పెట్టిన పని తాలూకు డేటా వాడి క్యాషేలో (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీలో) వేడివేడిగా ఉంటుంది, దాన్ని వాడే చేసుకుంటే మంచిది. రెండో కొసనున్నది అన్నిటికన్నా పాతది. చెట్టులా విడిపోయే పనుల్లో పాతదంటే వేరుకు దగ్గరగా ఉన్నది, అంటే పెద్ద కొమ్మ. దాన్ని ఒకసారి ఎత్తుకెళ్లినవాడికి చాలాసేపటిదాకా మళ్లీ దొంగతనానికి రావలసిన పనుండదు. పైగా ఇద్దరూ చెరో కొసన ఉన్నారు కాబట్టి చేతులు తగులుకునే సందర్భాలు అరుదు.

1994లో బ్లూమోఫ్, లైసర్సన్ దీనికి గణితం రాశారు. మొత్తం పనిని మనుషుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది, దానిమీద విడగొట్టలేని పొడవాటి గొలుసుకు (ఒకదాని తర్వాత ఒకటి చెయ్యక తప్పని పనులకు) అనుపాతంగా కొంత, సగటున ఇంతలో ముగుస్తుందని తేల్చారు. ఇంతకన్నా బాగా చెయ్యడం ఎవరితరమూ పెద్దగా కాదు. ఎంఐటీలో సిల్క్ అనే భాష దీనిమీదే నడిచింది. 2011లో వచ్చిన జావా 7లోని ఫోర్క్-జాయిన్, గో భాష షెడ్యూలర్, రెండింటి లోపలా ఈ దొంగతనమే.

దీని అసలు బలం ఎక్కడుందంటే, అందరూ బిజీగా ఉన్నంతసేపూ బ్యాలన్సింగుకు ఒక్క పైసా ఖర్చు కాదు. ఖర్చు పెట్టేవాడు ఎలాగూ పని లేనివాడే. బిజీగా ఉన్నవాడు పని దించుకోవడానికి మనిషిని వెతకడం దీనికి ఉల్టా పద్ధతి. 1986లో ఈగర్, లజోస్కా, జహోర్జాన్ ఈ రెంటినీ పోల్చి, లోడ్ తక్కువగా ఉన్నప్పుడు ఇచ్చేవాడు వెతకడం, ఎక్కువగా ఉన్నప్పుడు ఖాళీవాడు వెతకడం మేలని చెప్పారు. సూపర్ కంప్యూటరు మీద లోడ్ ఎప్పుడూ ఎక్కువే కదా.

ఒకే మిషన్ కోర్ల మధ్య ఇది నల్లేరు మీద నడక. వేరువేరు మిషన్ల మధ్య అయితే ప్రతి దొంగతనమూ ఒక ఉత్తరం రాసినట్టే. అవతలివాడు లెక్కల్లో మునిగి ఉంటే జవాబు ఆలస్యం. అందుకని ఒకటి కాకుండా సగం వరస ఎత్తుకురావడం, ముందు పక్కనున్న మిషన్‌నే అడగడం, రెండు మూడుసార్లు ఉత్తచేతులతో తిరిగొస్తే కాసేపు ఆగి అడగడం లాంటి సర్దుబాట్లు చేస్తారు. ఆ ఆగడం పెట్టకపోతే పని చివర్లో ఖాళీగా ఉన్న అందరూ కలిసి పనిచేస్తున్న ఒక్కణ్ణీ అడిగి అడిగి చంపుతారు. ఇది మా క్లస్టర్ మీద కళ్లారా చూశాను.

ఎవరి దగ్గర పని తక్కువుందో ఒకచోట రాసిపెట్టి అందరూ చూసుకుంటే సరిపోదా?

సరిపోదు. మీరు చూసేసరికి ఆ సమాచారం పాతదైపోతుంది. రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర ఫలానా వైపు ఖాళీగా ఉందని మైకులో చెబితే ఏమవుతుంది? అయిదు నిమిషాల్లో అక్కడే తొక్కిసలాట. ఖాళీ మిషన్ పేరు అందరికీ ఒకేసారి తెలిస్తే అందరూ దానిమీదే పడతారు.

దీనికి విరుగుడు చాలా చిన్నది. అన్నిటినీ చూడొద్దు, గుడ్డిగా రెండింటిని ఎంచుకుని వాటిలో తక్కువున్నదానికి ఇవ్వండి. అజర్, బ్రోడర్, కార్లిన్, అప్‌ఫాల్ 1994లో చూపించిన సంగతి ఇది. ఒక్కదాన్నే గుడ్డిగా ఎంచుకుంటే గరిష్ఠ భారం మిషన్ల సంఖ్య తాలూకు లాగరిథంకు కాస్త తక్కువగా పెరుగుతుంది. రెండు చూసి ఎంచుకుంటే లాగరిథం మీద మళ్లీ లాగరిథం, అంటే దాదాపు పెరగనట్టే. మూడు చూస్తే అంతకన్నా పెద్ద లాభమేమీ లేదు. ఒకటి నుంచి రెండుకు వెళ్లడంలోనే ఉంది మజా అంతా.

వెబ్‌సైట్ల ముందు పెట్టే లోడ్ బ్యాలన్సరూ ఇదీ ఒకటేనా?

అన్నదమ్ములు. అక్కడ వచ్చే రిక్వెస్టులు వేటికవే, ఏదో ఒక సర్వరుకు పంపితే పోతుంది, చూడాల్సింది ఒక్కో మనిషి ఎంతసేపు ఆగాడని. ఇక్కడ అందరూ కలిసి ఒకే లెక్క చేస్తున్నారు, ఒకరి ఫలితం ఇంకొకరికి కావాలి, చూడాల్సింది చివరివాడు ఎప్పుడు ముగించాడని. పైన చెప్పిన రెండు చూసి ఎంచుకునే చిట్కా మాత్రం అక్కడా ఇక్కడా పనికొస్తుంది. ఇంటర్వ్యూకు వెళ్తే ఏ లోడ్ బ్యాలన్సింగు గురించి అడుగుతున్నారో ముందు కనుక్కోండి.

వరద లెక్కలాంటి వాటిలో పక్క గడుల డేటా కావాలి కదా, పని ఎలా కదిలిస్తారు?

అసలు కష్టం ఇక్కడే. చదరంగం కొమ్మను ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చు. గ్రిడ్డులో గడిని ఎవరికిబడితే వాళ్లకు ఇస్తే, లెక్క సమయంలో ముందుకు జరిగే ప్రతి అడుగుకూ దాని చుట్టుపక్కల గడులతో సందేశాలు పంపుకోవాలి. భారం సమంగా ఉండాలి, సరిహద్దు పొట్టిగా ఉండాలి, కదిలే డేటా తక్కువగా ఉండాలి. మూడూ ఒకేసారి కుదరవు. మ్యాపును ఉత్తమంగా కొయ్యడమే ఎన్‌పీ-హార్డ్ సమస్య, అంటే అన్నివేళలా త్వరగా సరైన జవాబిచ్చే పద్ధతి ఎవరికీ తెలియదు.

తేలికైన దారి డిఫ్యూజన్. ప్రతి మిషన్ తన పక్కవాళ్లతోనే చూసుకుని, ఎక్కువున్నవాడు తేడాలో కొంత వంతు ఇచ్చేస్తాడు. పక్కపక్క కయ్యల మధ్య మడవ తీసినట్టు. నీళ్లు మెల్లగా ఒక మట్టానికి వస్తాయి. ఇది ఎప్పుడు, ఎంత వేగంగా సమమవుతుందో 1989లో జార్జ్ సైబెంకో గణితం రాశాడు. డేటా పక్కింటికే కదులుతుంది కాబట్టి సరిహద్దులు పెద్దగా చెదరవు. లోపం ఏమంటే నిదానం. మా పదహారు పట్టీల్లాగా గొలుసుకట్టుగా ఉంటే, ఈ కొసనున్న భారం ఆ కొసకు చేరడానికి పట్టే దశలు గొలుసు పొడవు వర్గంలా పెరుగుతాయి. మడవలు తీసి పెట్టి, చివరి కయ్యకు నీళ్లు ఎప్పుడొస్తాయా అని కూర్చున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

రెండో దారి హిల్బర్ట్ వక్రం. 1891లో డేవిడ్ హిల్బర్ట్ గీసిన ఈ మెలికల గీత చదరంలోని ప్రతి గడినీ ఒక్కసారే తాకుతూ పోతుంది, గీత మీద పక్కపక్కనున్నవి మ్యాపు మీద కూడా పక్కపక్కనే ఉంటాయి. గడులన్నిటినీ ఆ వరసలో పేర్చి, ప్రతిదానికీ దాని బరువు రాసి, మొత్తాన్ని పదహారు సమాన బరువు ముక్కలుగా తెంపెయ్యడమే. పూలదండ తెంపినంత తేలిక. మళ్లీ బరువులు మారితే తెంపే చోట్లు కొంచెం జరుగుతాయంతే.

మూడోది గ్రాఫ్ పార్టిషనింగ్. గడులను చుక్కలుగా, పక్కపక్కన ఉండటాన్ని గీతలుగా చూసి, తక్కువ గీతలు తెగేలా కొయ్యడం. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ కరిపిస్, విపిన్ కుమార్ చేసిన మెటిస్ దీనికి పేరుపడ్డది, సమాంతరంగా నడిచే ప్యార్‌మెటిస్ కూడా ఉంది. సరిహద్దులు హిల్బర్ట్ కన్నా పొట్టిగా వస్తాయి, లెక్క కట్టడానికి ఎక్కువసేపు పడుతుంది. గడులు ఒకే ఆకారంలో లేని గజిబిజి మెష్ ఉంటే ఇదే సరైనది. చదరపు గడులకు నా ఓటు హిల్బర్టుకే.

ఎంత తరచుగా మళ్లీ పంచాలి?

లాభం ఖర్చును దాటినప్పుడే. మా స్విచ్చి మీద 200 మెగాబైట్లు కదలడానికి ఎంత లేదన్నా 1.6 సెకన్లు పడుతుంది, ఎందుకంటే గిగాబిట్ అంటే సెకనుకు 125 మెగాబైట్లే, అదీ కాగితం మీద. కొత్త పంపకం వల్ల ఒక్కో అడుగుకు 0.1 సెకను మిగులుతుందనుకోండి. 16 అడుగులు దాటాకే లాభంలో పడతాం. ఈలోపే వరద ఇంకోచోటికి పోయి పంపకం చెడిపోతే, మోసిందంతా బూడిదలో పోసిన పన్నీరు. ప్రతి అడుగుకూ సరిచేసే ప్రోగ్రామును నేను చూశాను. అసమతుల్యం నిష్పత్తి 1.02, మొత్తం సమయం మాత్రం స్టాటిక్ కన్నా ఎక్కువ. గ్రాఫులు చూపించి మురిసిపోయాడు పాపం ఆ అబ్బాయి.

అందరూ ఖాళీ అయిపోయారంటే పని ముగిసినట్టేనా?

కాదు, ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. అందర్నీ అడిగితే అందరూ ఖాళీ అంటారు, అదే సమయంలో ఒక పని ముక్క వైరులో ప్రయాణిస్తుంటుంది. కళ్లంలో ఎవరూ లేరని తాళం వేసుకుని వెళ్లిపోతే, అప్పుడే వడ్ల ట్రాక్టరు మలుపు తిరిగినట్టు.

దీనికి వాడే పద్ధతి ఒక టోకెన్‌ను (చేతులు మారే గుర్తు సందేశాన్ని) గుండ్రంగా తిప్పడం. డైక్‌స్ట్రా, ఫైజెన్, వాన్ గాస్టరెన్ 1983లో రాసినదానికి తర్వాత సఫ్రా చేర్చిన లెక్కతో కలిపి చెబుతాను. ప్రతి మిషన్ పంపిన సందేశాలలోంచి అందుకున్నవి తీసివేసి లెక్క పెట్టుకుంటుంది. సందేశం అందుకున్న మిషన్ నల్లబడుతుంది, అంటే తనమీద నల్ల గుర్తు వేసుకుంటుంది. టోకెన్ తెల్లగా బయలుదేరి, ఖాళీగా ఉన్న మిషన్ నుంచే ముందుకు కదులుతూ, అందరి లెక్కలూ కూడుకుంటూ పోతుంది. నల్ల మిషన్ దాటితే తానూ నల్లబడుతుంది, ఆ మిషన్ మళ్లీ తెల్లబడుతుంది. మొదటి మిషన్‌కు తిరిగొచ్చేసరికి టోకెన్ తెల్లగా, ఆ మిషన్ తెల్లగా, ఖాళీగా ఉండి, కూడిక సున్నా అయితే నిజంగా ముగిసినట్టు. లేదంటే ఇంకో రౌండు.

ఎంపీఐ తనంతట తానే బ్యాలన్స్ చెయ్యదా?

చెయ్యదు. ఎంపీఐ పోస్ట్‌మ్యాన్ లాంటిది, ఉత్తరం చేరుస్తుంది, ఏం రాయాలో చెప్పదు. పని వస్తువులను తానే కదిలించే వ్యవస్థ కావాలంటే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో లక్ష్మీకాంత్ కాలే బృందం చేసిన చార్మ్ ప్లస్ ప్లస్ చూడండి. అణువుల కదలికను లెక్కగట్టే న్యామ్‌డీ అనే ప్రసిద్ధ ప్రోగ్రాము దానిమీదే నడుస్తుంది. మిషన్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ముక్కలుగా పని కొయ్యమని, ఏది ఎక్కడుండాలో రన్‌టైముకు (ప్రోగ్రామును నడిపించే వ్యవస్థకు) వదిలెయ్యమని దాని మాట.

ఒక మిషన్ ఆగిపోయినా, మరీ నత్తనడక నడిచినా?

గూగుల్ వాళ్లు 2004లో రాసిన మ్యాప్‌రెడ్యూస్ పేపరులో దీనికి మొరటుగా ఉన్నా చక్కగా పనిచేసే జవాబుంది. పని చివరికొచ్చేసరికి ఇంకా నడుస్తున్న ముక్కలను ఖాళీ మిషన్లకు కూడా ఇంకోసారి ఇచ్చెయ్యి, ఎవరు ముందు ముగిస్తే వాళ్లది తీసుకో. వాళ్ల సార్టింగు పరీక్షలో ఈ సదుపాయం ఆపేస్తే 44 శాతం ఎక్కువ సమయం పట్టింది. ముక్కలు ఒకదానికొకటి సంబంధం లేకుండా, రెండుసార్లు చేసినా నష్టం లేకుండా ఉంటేనే ఇది చెల్లుతుంది. మా వరదకు చెల్లదు.

జీపీయూ ఉన్న మిషన్లు, లేనివి కలిసి ఉంటే?

జీపీయూ అంటే ఒకేసారి వేల లెక్కలు చేసే గ్రాఫిక్స్ ప్రాసెసర్. వేగాన్ని కొలిచి ఆ నిష్పత్తిలో పంచండి. కంపెనీ రాసిన అంకె నమ్మొద్దు, మీ ప్రోగ్రాముతోనే కొలవండి. జీపీయూకు చిన్న ముక్కలు ఇస్తే దాని కడుపు నిండదు, డేటా అటూ ఇటూ మొయ్యడానికే సరిపోతుంది.

డైనమిక్ పెట్టాక నడిపిన ప్రతిసారీ చివరి అంకెలు మారుతున్నాయి. బగ్గా?

బహుశా కాదు. దశాంశ సంఖ్యలను కంప్యూటరు కూడే క్రమం మారితే జవాబు మారుతుంది. 64 బిట్లలో 1 పక్కన పదహారు సున్నాలున్న సంఖ్యకు 1 కలిపి, మళ్లీ ఆ సంఖ్యనే తీసేస్తే 0 వస్తుంది. ముందు తీసేసి తర్వాత 1 కలిపితే 1 వస్తుంది. ఎవరు ముందు ముగిస్తే వాళ్ల మొత్తం ముందు కూడుతున్నారు కాబట్టి క్రమం ప్రతిసారీ వేరు. ముక్కలకు నంబర్లిచ్చి, ఎప్పుడొచ్చినా నంబరు వరసలోనే కూడండి. కాస్త నెమ్మదిస్తుంది, గైడుగారి దగ్గర మాట పడకుండా ఉంటుంది. తేడా చివరి రెండు మూడు అంకెల్లో కాకుండా మొదట్లోనే ఉంటే మాత్రం బగ్గే, వెతుక్కోండి.

ఇంట్లో ఒక్క ల్యాప్‌టాపే ఉంది. ఎలా నేర్చుకోవాలి?

ఓపెన్‌ఎంపీతో మొదలుపెట్టండి. ఒక్కో చుక్కకు ఒక్కో రకంగా సమయం పట్టే మ్యాండెల్‌బ్రాట్ బొమ్మ గీసే ప్రోగ్రాము రాయండి. కొన్ని వరసలు చిటికెలో అయిపోతాయి, కొన్ని నత్తనడక, అసమతుల్యం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. స్టాటిక్, డైనమిక్, గైడెడ్ మూడూ మార్చి సమయాలు రాసుకోండి. తర్వాత ఒకే ల్యాప్‌టాపులో ఎంపీఐ ప్రాసెసులు నాలుగు పెట్టి, ఒకదాంట్లో కావాలని కాసేపు నిద్రపొమ్మని రాసి, మాస్టర్-వర్కర్ దాన్ని ఎలా తట్టుకుంటుందో చూడండి. పెద్ద మిషన్ల మీద అవకాశం కావాలంటే, 2015లో మొదలైన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద పరమ్ యంత్రాలు చాలా విద్యాసంస్థల్లో పెట్టారు. హైదరాబాద్ ఐఐటీలో పరమ్ సేవ ఉంది. మీ గైడు ద్వారా అడిగి చూడండి.

చివరికి మీ వరద ప్రోగ్రాములో ఏది పెట్టారు?

హిల్బర్ట్ తెంపుడే. తడి గడికి ఎక్కువ బరువు, పొడి గడికి నామమాత్రం. యాభై అడుగులకొకసారి ఎదురుచూసిన సమయాలు పోగుచేసి, నిష్పత్తి 1.15 దాటితేనే మళ్లీ తెంపుతాం, లేకపోతే ముట్టుకోం. మిషన్ల వేగాన్ని కూడా ఆ కొలతల నుంచే అంచనా వేసి, నెమ్మదిగా ఉన్నదానికి పొట్టి ముక్క ఇస్తాం. 11వ దానికి కొత్త ఫ్యాన్ వేయించాం గానీ ఇంకా మిగతావాటికన్నా ఓ పిసరు వెనకే నడుస్తుంది, ఎందుకో కనిపెట్టలేదు, కనిపెట్టాల్సిన అవసరమూ ఇప్పుడు లేదు.

కోడు కావాలంటే పెన్‌డ్రైవు తెచ్చుకోండి. 11వ మిషన్‌కు తగిలించకండి, దాని యూఎస్‌బీ పోర్టు కూడా పనిచెయ్యదు.